దశరథం దిల్

ఆ పొద్దున నర్మద వేసుకున్న ఆలోచన చాలా చిన్నది. మొదటి బస్సుకు మొగణ్ణి సిరిసిల్ల నుంచి కరీంనగరం దవాఖానకు తీసుకుపోవాలి, అతని కాళ్ళ పొంగుకు మందు తేవాలి, పొద్దుగూకక ముందే ఇల్లు చేరి ఒక్క పూటైనా ఎవరికీ వండకుండా పడుకోవాలి. ఆ చివరి ముచ్చట ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు. దశరథం పెండ్లాం వండకుండా పడుకోవడమేమిటి!

దశరథం నేతగాడు. అడిగినవాళ్ళకు లేదనడం అతనికి రాదు. వాడలో ఎవరు మగ్గానికెక్కించే పడుగు దారాలు వీధిలో పరిచినా ఒక కొస అతనే పట్టాలి. పంచాయితీకి అతనే, పిల్ల చూపులకు అతనే. భోజనానికి మాత్రం అందరూ అతనింటికే. ఈ మధ్య నాలుగడుగులేస్తే దమ్ము. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకు ఒరిగి కూర్చుంటున్నాడు. అయినా వాకిట్లో ఎవరైనా పిలిస్తే లేచిపోతాడు. వద్దని చెప్పి చెప్పి నర్మద నోరు నొచ్చింది.

దవాఖానలో డాక్టరు హైదరాబాదు మనిషి, తెలుగు అంతంతమాత్రం. ఎక్స్‌రే రేకును కిటికీకి అడ్డంగా పట్టి చూసి తల ఊపాడు.

"దిల్ బడా హోగయా. నమక్ బంద్. గోలీలు రోజూ మింగాలె. పూరా ఆరామ్. ఇట్ల జేస్తే దిల్ ఫిర్ ఛోటా హో జాయేగా. లేకుంటే బచ్‌నా ముష్కిల్."

వెంట వచ్చిన నర్మద తమ్ముడు హనుమండ్లు నైజాం కాలంలో నాలుగో తరగతి దాకా ఉర్దూ చదివాడు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకుంటాడు. అడగకముందే అందుకున్నాడు.

"బావా, నీ దిల్ పెద్దగైందట. గందుకే గీ రోగం. చిన్నగ జేసుకుంటెనే బతుకుతవట."

దిల్ పెద్దదంటే వాళ్ళ వాడలో ఒకటే అర్థం, అడిగితే కాదనలేని మనిషి అని. దశరథం మొహం వాడిపోయింది.

"నిజమే హనుమండ్లూ. అందరికి పెట్టి పెట్టి పానం మీదికి దెచ్చుకున్న."

నర్మదకు నమ్మకం కుదరక బయట కంపౌండర్‌ను అడిగింది. అతను పిడికిలి బిగించి, వేళ్ళు వదులు చేసి చూపించాడు. "గుండెకాయ ఉబ్బిందవ్వా. పనితోని అలిసిపోయింది. ఆయన పని తగ్గిస్తే, ఉప్పు మానేస్తే అది సుత జర తగ్గుతది."

ఇంటికి పోయి అసలు సంగతి చెబుదామనుకుంది. ఇంటికి పోతే అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు, భోజనాల వేళకు. ఆమె నోరు తెరిచింది, వాళ్ళను చూసింది, మూసుకుంది. దశరథమే మొదలుపెట్టాడు.

"నా దిల్ పెద్దగైందట. చిన్నగ జేసుకోవాలె. ఏం అనుకోకుండ్రి, లేవుండ్రి."

వాళ్ళు లేచారు. నర్మదకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మరునాడు పక్కింటి కొమురెల్లి వచ్చాడు. "దశరథన్నా, పడుగు వరిచినం. జర కొస వట్టరాదు!"

"పట్ట. డాక్టర్ వద్దన్నడు."

"కొస వట్టుడు సుత దానమేనాయె?"

"దానమే. నా పానం దీస్తవా?"

కొమురెల్లి ఆ మాటను వాడంతా మోసుకుపోయాడు. దొడ్డమనసుతోని దిల్ పెద్దగై సచ్చిపోతరట! ఇంకేం, ఇంటింటా తమ గుండెల మీద చేతులు పెట్టుకు చూసుకున్నారు. పిల్లికి కూడా బిచ్చం పెట్టని బుచ్చిరాములు మీసం దువ్వుకుంటూ వీధంతా తిరిగాడు. "సూసిండ్రా! నేను పుట్టినప్పటి సంది పత్తెమే జేస్తున్న."

ఆ వారంలోనే పత్తెం వాడంతా పాకింది. ఎవరూ ఎవరికీ అగ్గిపుల్ల ఇవ్వరు. కూరలోకి రెండు రెబ్బలు కల్యామాకు కోసం పోయిన నర్మదను కొమురెల్లి తల్లి కొమురవ్వ గడపలోనే ఆపింది. "మా ముసలోని దిల్ సుత జర పెద్దగనె ఉన్నది బిడ్డా. నాకు భయమైతుంది." పరామర్శకు వచ్చిన హనుమండ్లు ఉప్పులేని సప్పిడి కూర ఒక్క పూట తిని, కోత పని గుర్తొచ్చిందని తెల్లారి బస్సెక్కాడు. అతనికి కోయడానికి మడి చెక్కే లేదు.

పడుగుల కష్టమే చెప్పరానిది. కొస పట్టేవాడు దొరక్క కొమురెల్లి తన పడుగు కొసను వాడలోని ముత్యం అనేవాడి ఎడ్లబండికి కట్టాడు. ముత్యం చూసుకోకుండా బండి తోలుకుపోయాడు. పడుగు మానేరు వాగు దాకా నడిచింది. ఇద్దరూ ఒకరి చొక్కా గల్ల ఒకరు పట్టుకుని దశరథం మంచం దగ్గరికి వచ్చారు.

"తీర్పు జెప్పు అన్నా!"

దశరథం మెత్త దిండ్ల మీద ఒరిగి ఇద్దరినీ చూశాడు. పెదవి కదిలింది. తలుపు వెనుక నర్మద చెవొగ్గింది. ఒక్క తీర్పు చెప్పాడంటే రేపటికి అరుగు నిండుతుంది, ఎల్లుండి ఆయన మంచం దిగి అందరి పనులకూ పోతాడు, మూణ్ణాళ్ళకు తనకు మొగుడుండడు.

"తీర్పు సుత ఇచ్చుడే గద," అన్నాడు దశరథం. "ఇయ్య. పోండ్రి."

వాడ నాశనమవుతున్నదని నర్మదకు తెలుసు. నిజం చెప్పడానికి రోజూ గడప దాకా పోయేది. లోపల మొగుడు దమ్ము రాకుండా వెల్లకిలా నిద్రపోతుండడం చూసి వెనక్కి వచ్చేది. తన పడుగు ఒక కొస తలుపుకు కట్టి, ఒక కొస తనే పట్టి, నడుము విరిగేలా పని చేసుకునేది. సప్పిడి కూడు ఆమె కూడా తిన్నది. అలిసిపోయింది, కానీ మనిషి దక్కుతున్నాడు. కాళ్ళ పొంగు దిగింది.

వానలు తగ్గాక మళ్ళీ కరీంనగరం పోయారు. డాక్టరు కొత్త రేకు చూసి దశరథం వీపు తట్టాడు.

"శాబాష్! దిల్ ఛోటా హోగయా! గోలీలు, సప్పిడి గిట్లనే నడవాలె."

నర్మద అందరి ముందే కొంగుతో కండ్లు తుడుచుకుంది. ఇంత సంతోషం ఆమె పెండ్లినాడు కూడా ఎరగదు. బస్టాండులో జగిత్యాల బస్సు నిలబడి ఉంది.

"కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న. నీ పానం నిలవడితే ఇద్దరం పోయి కొబ్బరికాయ గొడ్తమని. గదిగో అటు వొయ్యే బస్సు. పోదమా?"

"పోము," అన్నాడు దశరథం.

"దేవుని మొక్కు గదా!"

"దేవుడైతేంది? అడగంగనె ఇచ్చుడు మొదలువెడ్తే రోగం తిరగవెడ్తది."

"నేనడుగుతున్న. నీ పెండ్లాన్ని."

"పెండ్లామైనా పత్తెం పత్తెమే."

నర్మద తట్టుకోలేకపోయింది. ఇన్నాళ్ళూ దాచిన ముచ్చట బయట పెట్టింది. ఉబ్బింది గుండెకాయేగానీ మనసు కాదని, కంపౌండర్ పిడికిలి పట్టి చూపించాడని, హనుమండ్లుకు ఏమీ అర్థం కాలేదని చెప్పింది. దశరథం ఓపికగా అంతా విన్నాడు. జాలిపడ్డాడు కూడా.

"నర్మదా, నీకు ఉర్దూ వస్తదా?"

ఆమె సంచి అతని పక్కన పెట్టి దవాఖాన వైపు తిరిగి నడిచింది. గుండెలో ఒక్క పెండ్లాం పట్టేంత జాగా పెంచే గోలీ ఏదైనా ఉందేమో డాక్టరును అడగాలి.