రుసుము లేని ఉరుము

ఇకపై ఈ దేశంలో బండి కొనేవాడు బండికి మాత్రమే డబ్బు కడతాడనీ, బండి చుట్టూ ఉన్న గాలికి కట్టడనీ వినియోగదారుల శాఖ మంత్రిగారు సోమవారం పొద్దున్నే ప్రకటించారు. ఇది చారిత్రకమైన ప్రకటన అని విలేకరులకు ఆయనే చెప్పి, వాళ్ళు ఆ మాట రాసుకునేదాకా ఓపిగ్గా ఆగారు.

ఇంతటి సంస్కరణకు మూలం ఒక నిట్టూర్పు. అది మంత్రిగారి కారు డ్రైవరుది.

డ్రైవరు పగలంతా మేడలాంటి కారు నడిపి, సాయంత్రం బస్సులో వేలాడుతూ ఇంటికి పోయే మనిషి. కొత్తగా విడుదలైన 'ఉరుము' మోటారు సైకిలు ఫొటో చూసిన రోజునుంచి అతనికి బస్సు అసలు సహించడం మానేసింది. అతని భార్య బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పని చేస్తుంది. ఫ్యాక్టరీ గేటు నుంచి బస్టాపు దాకా దుమ్ములో నడిచి నడిచి విసిగిపోయిన ఆవిడ, తన వరసలో కూర్చునే ఆడవాళ్ళందరికీ ముందే చెప్పేసింది. "శుక్రవారం సాయంత్రం మా ఆయన గేటు దగ్గర ఉరుము మీద ఉంటారు. చూద్దురుగాని." ఇక డ్రైవరు పరువు, ఆవిడ పరువు రెండూ శుక్రవారం మీదే వేలాడుతున్నాయి.

బండి ధర మొత్తం కట్టేశాక షోరూమ్ మేనేజరు ఇంకో కాగితం అతని చేతిలో పెట్టాడు. నిట్టూర్పు అక్కడ పుట్టి, మంత్రిగారి కారులో బయటపడింది.

"ఏమయ్యా, టైరులో గాలి పోతోందా?" అన్నారు వెనక సీట్లోంచి మంత్రిగారు.

"టైరులో కాదండీ, నాలోనే. ఉరుము కొన్నానండీ. ధర కాక దింపుడు రుసుమంటున్నారు, తుడుపు రుసుమంటున్నారు. పర్లేదు లెండి, మా తమ్ముడు సర్దాడు. డబ్బు జేబులోనే ఉంది. సాయంత్రం కట్టేస్తాను."

"వద్దు! చిల్లిగవ్వ కట్టడానికి వీల్లేదు!" మంత్రిగారు సీటు మీదినుంచి ఇంత ఎత్తు లేచారు. "నా డ్రైవరే ఫీజు కడితే ప్రజలు నా గురించి ఏమనుకుంటారు?"

"వాళ్ళకి తెలీదు కదండీ."

"తెలియజేద్దాం."

మంత్రిగారు పట్టించుకున్న పని ఏమవుతుందో డ్రైవరుకు బాగా తెలుసు. ఆఫీసు వెనక కారుతున్న కుళాయిని ఒకసారి పట్టించుకున్నారు. ఇప్పుడక్కడ శిలాఫలకం ఉంది, కుళాయి లేదు.

మర్నాడు మంత్రిగారు షోరూమ్ మీద ఆకస్మిక తనిఖీ జరిపారు. తనిఖీ ఆకస్మికమని పి.ఎ. ముందురోజే ఫోన్ చేసి చెప్పడంతో, మేనేజరు పూలగుత్తి పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మెడకు టై కట్టుకుని, మాటకు తేనె పూసుకున్న మనిషి.

"ఈ దింపుడు రుసుం ఏమిటి?" అని మంత్రిగారు గర్జించారు.

"బండి లారీ మీద వస్తుంది సార్. మేం కిందికి దింపుతాం."

"దింపకపోతే?"

"లారీ మీదే ఉంటుంది సార్."

మంత్రిగారు తల పంకించారు. ఇంత సూటిగా జవాబు చెప్పేవాళ్ళు ఆయన శాఖలో ఒక్కరూ లేరు.

"మరి తుడుపు రుసుం?"

"బండి మీద దుమ్ముంటుంది సార్."

"కొత్త బండికి దుమ్మెందుకుంటుందయ్యా?"

"లారీ మీద ఉంటుంది కదా సార్."

"సరే. ఆనంద రుసుమట! ఇదేమిటి?"

"బండి అప్పగించేటప్పుడు మా సిబ్బంది చప్పట్లు కొడతారు సార్."

"ఊరికే కొట్టరా?"

"మీ సభల్లో ఊరికే కొడతారా సార్?" అని మేనేజరు ఎంతో వినయంగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. మంత్రిగారు టీ బాగుందన్నారు.

టీ తాగాక అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు. ఈ బండికి సంబంధించి పై రుసుములన్నీ రద్దు, ఏ రూపంలో తీసుకున్నా తీసుకున్నవాడికి జైలు. మేనేజరు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశాడు.

"అయ్యా, మరి బండి ఇప్పుడు తీసుకుపోనా?" అన్నాడు డ్రైవరు, ఆశ చావక.

పి.ఎ. అతన్ని జాలిగా చూశాడు. "స్టేజీ లేకుండానా? మతుండే మాట్లాడుతున్నావా?"

అలా బండి శుక్రవారం మధ్యాహ్నానికి వాయిదా పడింది. శుక్రవారమే కదా, సాయంత్రానికి గేటు దగ్గర ఉండొచ్చు అని డ్రైవరు సర్దిచెప్పుకున్నాడు.

శుక్రవారం షోరూమ్ ముందు వేదిక లేచింది. వేదిక మీద ఎర్రటి ఉరుము కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. దాని పక్కన థర్మోకోల్‌తో చేసి, వెండి కాగితం అంటించిన తాళంచెవి. నిలబెడితే డ్రైవరు భుజం దాకా వస్తుంది. మామూలు తాళంచెవి ఫొటోలో ఆనదని పి.ఎ. దగ్గరుండి చేయించాడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. వినియోగదారుడంటే ఎవరో చెప్పారు, ఎవరు కాదో చెప్పారు, తన బాల్యం చెప్పారు. డ్రైవరు కళ్ళు మాత్రం గోడ గడియారం మీదే ఉన్నాయి. ఫ్యాక్టరీ గంట కొట్టే వేళ దగ్గర పడుతోంది. చివరికి మంత్రిగారు ఆ తాళంచెవిని ఎత్తి అతని చేతుల్లో పెట్టారు. కెమెరాలు మెరిశాయి. షోరూమ్ సిబ్బంది మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆనంద రుసుం రద్దయింది కదా. పి.ఎ. కనుసైగ చేశాక కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

జనం కదలగానే డ్రైవరు మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. "చిన్న తాళంచెవి ఇప్పించండి. తొందరగా వెళ్ళాలి."

"దేనికండీ?"

"అదిగో, ఆ బండికి."

"అది చూపుడు బండి. అందులో ఇంజను ఉండదు. మీది వెనక లారీ మీదుంది."

"అయితే దింపించండి."

"దింపుడు రద్దయిందండీ."

డ్రైవరు గబగబా జేబులోంచి తమ్ముడిచ్చిన డబ్బు తీశాడు. "ఇదిగో, మొత్తం తీసుకోండి. చప్పట్లకి కూడా తీసుకోండి!"

మేనేజరు పామును చూసినట్టు వెనక్కి గెంతాడు. "అంత మాటనకండి! పిల్లలు గలవాణ్ణి. అది ముట్టుకుంటే నాకు జైలు."

"పోనీ నేనే దించుకుంటాను."

"బయటివాళ్ళు చెయ్యేస్తే వారంటీ పోతుందండీ. ఒక పని చెయ్యండి. రుసుం కట్టుకోవడానికి అనుమతి ఇప్పించమని మంత్రిగారికి అర్జీ పెట్టుకోండి."

డ్రైవరు పెరట్లోకి వెళ్ళి చూశాడు. లారీ మీద, చెక్కల మధ్యనుంచి, అతని ఉరుము హెడ్‌లైటు దుమ్ము కొట్టుకుని బయటికి చూస్తోంది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని మంత్రిగారి కారు దగ్గరికి పరుగు తీశాడు.

విషయం విని మంత్రిగారు పొంగిపోయారు. "చూశావటయ్యా! ఇస్తానన్నా తీసుకోవడానికి జంకుతున్నాడు! రద్దంటే ఇలా ఉండాలి!" అని అతని వీపు తట్టారు. "ఈ పూటకి నీకు సెలవు. పి.ఎ. కారు నడుపుతాడు. నువ్వు హాయిగా బండి మీద ఇంటికెళ్ళు."

కారు కదులుతుండగా పి.ఎ. కిటికీలోంచి తల బయట పెట్టాడు. "తాళంచెవి జాగ్రత్త! అది ప్రభుత్వ ఆస్తి. సోమవారం తెచ్చి అప్పజెప్పాలి."

డ్రైవరు బస్సు దిగి, తాళంచెవి భుజాన వేసుకుని ఫ్యాక్టరీ గేటు చేరేసరికి గంట కొట్టేశారు. భార్య నిలబడి ఉంది. ఆమె వెనక కుట్టు మిషన్ల వరస మొత్తం నిలబడి ఉంది.

"ఏమండీ, బండేదీ?"

డ్రైవరు తాళంచెవి చూపించాడు. ఆవిడ దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. అతని మొహం కూడా చూసింది. వెనకనుంచి ఎవరో, "అమ్మో! తాళంచెవే ఇంతుంటే బండి ఎంతుంటుందో!" అన్నారు.

"అందుకే ఇక్కడిదాకా తీసుకురాలేదు. ఈ సందులో పట్టదు," అని భార్య తల ఎగరేసి, తాళంచెవి రెండో కొస పట్టుకుని బస్టాపు వైపు నడిచింది. కొంత దూరం పోయాక ఆవిడ భుజాలు కదలడం చూసి డ్రైవరు కంగారుపడ్డాడు. ఆవిడ ఏడవడం లేదు. పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కాసేపటికి అతనికీ నవ్వొచ్చింది.

బస్సులో ఒకాయన ఫోన్లో వార్తలు చూస్తూ తలెత్తి, డ్రైవరును గుర్తుపట్టేశాడు. "అరె! రుసుం కట్టకుండా బండి కొన్న మొట్టమొదటి మనిషి ఈయనే!"

బస్సంతా చప్పట్లు కొట్టారు. భార్యాభర్తలకు సీటు ఖాళీ చేసి ఇచ్చారు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, రెండు చేతులా డ్రైవరు చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీలాంటివారు మా బస్సెక్కడం మా అదృష్టమండీ," అన్నాడు గద్గదంగా.

తరవాత తాళంచెవిని ఒకసారి కంటితో కొలిచి, మూడు టిక్కెట్లు చింపాడు.

"మీకొకటి, అమ్మగారికొకటి. ఇది లగేజీ."

డ్రైవరు తమ్ముడిచ్చిన డబ్బులోంచి తీసి ఇచ్చాడు. కండక్టరు ఏమాత్రం జంకకుండా పుచ్చుకున్నాడు.