గుర్తులేనివాటి గోడౌను

మతిమరుపు పరీక్షలో రోగికి ఏది గుర్తురాకపోతే దాన్ని మర్నాడు ఆసుపత్రివాళ్లు వ్యానులో వచ్చి పట్టుకెళ్లడం ఆ జిల్లాలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. పరీక్ష పది నిమిషాలు. గుర్తొస్తే వెనక్కి పంపేస్తారు.

రిటైరైన బస్సు కండక్టరు సన్యాసిరావుని భార్య వరహాలమ్మ శ్రావణంలో మొదటిసారి తీసుకెళ్లింది. డాక్టరు గొడుగు, కుర్చీ, గంట అని మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే సన్యాసిరావు గడగడా రెండు దాకా దిగిపోయాడు. గడియారం బొమ్మా బాగానే గీశాడు. మూడు మాటల్లో మాత్రం గొడుగు మర్చిపోయాడు. మర్నాడు వ్యాను వచ్చి గొడుగు తీసుకుని రసీదు ఇచ్చింది. ఆ వానలన్నిటికీ ఇద్దరూ తడిశారు. ఎవర్నీ తప్పుపట్టలేదు.

మార్గశిరంలో రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు వరహాలమ్మని చూపించి, "ఈవిడ ఎవరండీ?" అనడిగాడు.

సన్యాసిరావు ఆమెకేసి చాలాసేపు చూశాడు. "మంచి మనిషండి. నేను తినీదాకా తినదు."

"మీకేమవుతారు?"

"అదే కదండీ చెప్తున్నాను."

డాక్టరు సున్నా వేశాడు. సగం మార్కు వేసే వీలు ఫారంలో లేదు.

"నన్ను పట్టుకుపోతే ఈయనకి అన్నం ఎవరెడతారు బాబూ?" అంది వరహాలమ్మ.

డాక్టరు కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు. "ఆ ప్రశ్న ఇందులో లేదమ్మా," అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ఇంటికెళ్లి ఆమె నాలుగు రోజులకి సరిపడా అటుకులు, బెల్లం డబ్బాలకెత్తి, పక్కింటివాళ్లకి ఓ మాట చెప్పింది. ఉదయం వ్యానెక్కుతుంటే సన్యాసిరావు గుమ్మం దాకా వచ్చి, "మళ్లీ రండమ్మా," అన్నాడు.

గోడౌను ఆసుపత్రి వెనకాలే. స్టోర్‌కీపరు జగ్గారావు ఆమె చేతికి చీటీ కట్టి, ఒక కుట్టుమిషనుకీ, ఎవరికో బావగారైన పెద్దాయనకీ మధ్య చోటు చూపించాడు. భోజనం వేళకే వచ్చేది. పెద్దాయన ఆరేళ్లుగా ఉంటున్నాడు.

"వెనక్కి వెళ్లినవాళ్లున్నారాండీ?" అనడిగింది.

"కిందటేడు ఒక ఇస్త్రీపెట్టె వెళ్లిందమ్మా."

అరవై దాటినవాళ్లకి గోడౌనులోనూ పరీక్ష తప్పనిసరి. మూడో రోజున అదే డాక్టరు అదే ఫారంతో వచ్చాడు. వరహాలమ్మ గడియారం గీసింది. మూడు మాటలూ వరసగా చెప్పింది.

"మీ ఆయన పేరేంటమ్మా?"

ఆమె రూలు మనసులో ఒకసారి తిరగేసుకుంది.

"నాకు మొగుడున్నాడేటి బాబూ?"

డాక్టరు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత సున్నా వేసి సంతకం పెట్టాడు.

మర్నాడు పదింటికి వ్యాను సన్యాసిరావుని దింపింది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. జగ్గారావు చీటీ కట్టి, రిజిస్టరులో 'సంబంధీకులు లేరు' అని రాసి, కుట్టుమిషను కాస్త అవతలికి జరిపి, ఆమె పక్కనే కూర్చోబెట్టాడు.

"మీదే ఊరమ్మా?" అన్నాడు సన్యాసిరావు.

"ఈ ఊరేనండి," అంటూ ఆమె గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది.

మూడు నెలలకోసారి పరీక్ష వస్తూనే ఉంది. ఆమెకి అతను గుర్తొచ్చాడంటే ఒక్కణ్ణే ఇంటికి పంపేస్తారు. అందుకని అడిగిన ప్రతిసారీ ఎరగననే చెప్పింది. మొదటి రెండుసార్లూ గొంతు తడబడింది. మూడోసారి అబద్ధమాడాల్సిన అవసరం రాలేదు.