మ్యాటంటే మ్యాటే

పల్లీలు తెచ్చేది ఆవిడ. ఏరేది ఆవిడ. పొయ్యి ముందు నిలబడి మాడిపోతూ వేయించేదీ ఆవిడే. ప్యాకెట్టు మీద బొమ్మ మాత్రం మొగుడిది. ఇదేం న్యాయమని నన్నడక్కండి. అడగాల్సిన చోట అడక్కపోబట్టే లోకం ఇలా తగలడింది.

బొమ్మ సంగతి తేల్చింది కూడా ఆయనే. "ఇంటికి దీపం ఇల్లాలు, కాదనను. వెలుగు మాత్రం యజమానిదే. నా ముఖం చూస్తే జనానికి నమ్మకం" అన్నాడు. ఆవిడ గరిటె ఆపలేదు. "అలాగే కానివ్వండి" అంది. ఆయన అక్కడే అనుమానించాల్సింది.

మంచి కవర్లలో తెస్తేనే అరలో చోటిస్తానని వీధి చివరి పెద్ద కొట్టాయన నెలాఖరు దాకా గడువు పెట్టాడు. మూడేళ్లుగా బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ఆవిడకు ఆ అర సింహాసనంతో సమానం. కవర్లు అచ్చువేసే మామయ్య దగ్గరికి మొగుణ్ణి పంపింది. మామయ్య ఆవిడకు సొంత మేనమామ. ఈ ముక్క గుర్తుంచుకోండి. ఆయన ఉంచుకోలేదు.

"గ్లాసా, మ్యాటా, అల్లుడూ?" అన్నాడు మామయ్య.

"గ్లాసొద్దు మామయ్యా, ఇప్పుడే తాగొచ్చాను. చాప కూడా ఎందుకు, కుర్చీ చాలు."

మామయ్య నెత్తి కొట్టుకుని, అల్లుడి బొమ్మతోనే తయారైన రెండు నమూనాలు ముందు పడేశాడు. గ్లాసంటే తళతళలాడేది. మ్యాటంటే ఆ మెరుపును చంపే పూత ఇంకొకటి పడి, పెద్దమనిషి తరహాగా ఉండేది. "గ్లాసైతే కవరుకు రెండు. మ్యాటైతే రెండున్నర. పూత ఎక్కువ కదా మరి."

ఆయన గ్లాసు నమూనాను ట్యూబులైటు కింద పట్టాడు. వీధిలో పిల్లలు తనను బల్బు మామ అంటే వట్టి కుళ్లు అనుకున్నాడు ఇన్నాళ్లూ. కవరు మీద కళ్లు లేవు, ముక్కు లేదు. కనుబొమల దగ్గర మొదలై మెడ వెనక్కి దిగిపోయే మైదానం ఒక్కటే భగ్గుమంటోంది. మ్యాటు నమూనాలో అదే తల బుద్ధిగా, రేపో ఎల్లుండో జుట్టు మొలవబోతున్నట్టు ఉంది.

అర్ధ రూపాయి ఎక్కువంటే ఆవిడ ఒప్పుకోదు. అందుకని గొంతు తగ్గించాడు. "మగవాళ్లం మగవాళ్లం ఒక మాటనుకుందాం మామయ్యా. మీ మేనకోడలికి రేట్లు తిరగేసి చెప్పండి. మ్యాటు రెండు, గ్లాసు రెండున్నర. తేడా నేనిచ్చుకుంటాను."

రెండు వేల కవర్లకు తేడా వెయ్యి. విగ్గు కోసం గుట్టుగా దాచిన అయిదు వేలు బూట్ల పెట్టెలో ఉండనే ఉన్నాయి.

"మాటేనా?" అన్నాడు మామయ్య.

"మాటంటే మ్యాటే."

ఇంటికొచ్చి రేట్లు చెప్పాడు. ఆవిడ పల్లీలు ఏరుతూ తలెత్తింది. "పూత ఎక్కువున్నది చవకా?"

"అదంతా యంత్రాల సంగతి, నీకు తెలీదు. మెరవాలంటే రుద్దాలి. రుద్దితే యంత్రం అరుగుతుంది. అరిగితే ఖర్చు."

"మరి మీ తల ఎవరు రుద్దితే మెరుస్తోందండీ?"

"మధ్యలో నా తలెందుకే?"

ఆవిడ మామయ్యకు ఫోన్ కలిపింది. "అవునమ్మా, మ్యాటు రెండే. అల్లుడు నా ప్రాణం తోడి తగ్గించాడు" అని వినపడింది. ఆయన మీసం దువ్వుకున్నాడు. దువ్వుకోవడానికి మిగిలింది అదే.

"ఇంత చవకైతే రెండు వేలేం సరిపోతాయి మామయ్యా? పది వేలు అచ్చెయ్యి" అంది ఆవిడ.

ఆయన చేతిలోని గ్లాసు జారి పడింది. ఈసారి నీళ్ల గ్లాసే.

"పది వేలా? అన్ని పల్లీలు ఎవరు వేయిస్తారు?"

"ఇన్నాళ్లూ ఎవరు వేయించారో వాళ్లే. బొమ్మలో పళ్లికిలించేవాళ్లు కాదు. మీరంత కష్టపడి తగ్గించిన రేటు, వదులుకుంటామా?"

పది వేలకు తేడా అయిదు వేలు. పెట్టుకోకముందే విగ్గు ఊడిపోయింది.

కవర్లొచ్చిన రోజు ఆయనే కట్ట విప్పాడు. మ్యాటే. ముఖమల్ బట్టలా మెత్తగా ఉంది. కిటికీ వైపు తిప్పేసరికి నడినెత్తి మీద తళుక్కుమంది. మిగతా కవరంతా నిద్రపోతోంది, తల ఒక్కటే మేలుకుని ఉంది. ధోవతి అంచుతో రుద్దాడు. ఇంకాస్త మెరిసింది.

పెరట్లోకి వెళ్లి ఫోన్ చేశాడు. "మామయ్యా, తల మీద పూత మరిచిపోయారు."

"మరవలేదు అల్లుడూ. అక్కడ మాత్రం వదిలెయ్యమని అమ్మాయి చెప్పింది. వదిలేసిన చోట మెరుస్తుంది. దానికి అదనంగా ఏం లేదులే."

"అయితే రేట్ల గుట్టు..."

"నువ్వు నా గుమ్మం దాటగానే చెప్పేశాను. మేనకోడలి దగ్గర అబద్ధమాడి బతకగలనా? అయినా నీకిచ్చిన మాట తప్పలేదు. నువ్వు పక్కనుండగా తిరగేసే చెప్పాను."

కొట్టు అరలో నలభై తలలు వరసగా వెలిగాయి. రోడ్డు అవతలి నుంచి కూడా జనం వేలు చూపించి "ఆ మెరిసే తల ప్యాకెట్టివ్వండి" అన్నారు. మూడు రోజుల్లో అర ఖాళీ. కొట్టాయన రెండో అర కూడా ఇచ్చాడు.

ఆయన వంటగదిలోకి పిల్లిలా వచ్చాడు. "వచ్చేసారి నీ బొమ్మ వేద్దామే. కష్టం నీది కదా, న్యాయం కూడానూ."

"వద్దులెండి. నాకు జుట్టుంది, మెరవదు." ఆవిడ గరిటె తీసి ఆయన చేతిలో పెట్టింది. "వెలుగు యజమానిదే అన్నారుగా. ఆ పొయ్యి కూడా వెలిగించండి."