నర్సింగ్‌ను తీసేసిన శుక్రవారం

శుక్రవారం పొద్దున్నే లేచి రఘుపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. నర్సింగ్‌కు కడుపు నిండా అన్నం పెట్టాలి. ఆ తర్వాత, "తమ్మీ, నిన్ను టీమ్‌ల నుంచి తీసేసిన్రు" అని మెల్లగా చెప్పాలి. అంతే. ఈపాటి దానికి పథకం దేనికని మీరనవచ్చు. నర్సింగ్ ముఖం చూస్తూ ఆ మాట అనగలిగితే మీరే వచ్చి చెప్పండి, రఘుపతి మీ కాళ్లకు దండం పెడతాడు.

ముందు ఈ టీమ్ సంగతి చెప్పాలి. ఒమాన్‌లోని అల్ మవాలేలో టైర్లు, బ్యాటరీలు అమ్మే కంపెనీ ఒకటుంది. దాని ఒమానీ యజమానిని అందరూ అర్బాబ్ అంటారు. చలికాలం వచ్చిందంటే చుట్టుపక్కల కంపెనీల వాళ్లు శుక్రవారం సాయంత్రాలు ట్రాక్ మీద చిన్న రేసు బండ్లతో పందెం పెట్టుకుంటారు. నేలను రాసుకుంటూ పోయే బండ్లు, ఒక్కడే పడతాడు. అర్బాబ్‌కూ అలాంటి బండి ఒకటుంది. వర్క్‌షాప్ ఫోర్‌మన్ కాబట్టి రఘుపతే టీమ్ మేనేజర్. ఇక డ్రైవర్ ఎంపిక ఎలా జరిగిందంటే, హెల్మెట్ ముందు కొన్నారు. అది ఎవడి తలకు పడితే వాడే డ్రైవర్. అలా డెలివరీ పికప్ నడుపుకునే నర్సింగ్ రేసర్ అయిపోయాడు. ఇంతకంటే ఆలోచించి ఎంచుకున్న టీములు మాత్రం ఏం ఉద్ధరించాయి గనక?

మొదటి చలికాలమే నర్సింగ్ కప్పు కొట్టాడు. ఆ కప్పును చూసి రెండో ఏడు ఉంచారు, మొహమాటం కొద్దీ మూడో ఏడు ఉంచారు. ఈలోగా వాడు ఒళ్లు చేశాడు. రోడ్ల మీద రాడార్ కెమెరాలకు జడిసి జడిసి, ట్రాక్ మీద కూడా మలుపు కనబడగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది. పైగా వెనక ఎవడైనా వస్తే పక్కకు జరిగి దారిస్తాడు. అదేంరా అంటే, "పాపం, ఏదో తొందర్ల ఉన్నడన్నా" అంటాడు.

ఇలా ఉండగా, కౌంటర్లో బిల్లులు కొట్టే హైదరాబాదీ పిల్ల ఇరమ్ సరదాకని ఆ బండెక్కి ఒక చుట్టు తిరిగొచ్చింది. స్టాప్‌వాచీ చెడిపోయిందనుకుని రఘుపతి దాన్ని చేతికేసి కొట్టాడు. అది చెడిపోలేదు. గురువారం సాయంత్రం అర్బాబ్ అతన్ని లోపలికి పిలిచి తన హిందీలో సంగతి తేల్చేశాడు.

"రఘూ, రేపటి నుంచి బండి ఇరమ్‌ది. నర్సింగ్‌కు నువ్వు చెప్పు."

"నేనా, అర్బాబ్?"

"డ్రైవర్‌ను ఎంచుకునేది ఓనర్. తీసేశామని చెప్పేది మేనేజర్. అన్ని టీముల్లో ఇంతే. చూడు, మంచి టైరే, బాగా నడిచింది. అరిగింది, మారుస్తున్నాం. టైరు మీద కోపమేం లేదు. ఖలాస్. పొద్దున నేను గ్రూపులో పేరు పెట్టేస్తాను."

అయితే ఆ టైరుతో కంపెనీ క్యాంపులో ఒకే రూములో కాపురం చేస్తున్నది అర్బాబ్ కాదు, రఘుపతి. ఇద్దరివీ జగిత్యాల దగ్గరి ఊళ్లే. వచ్చిన కొత్తలో నర్సింగ్ రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఏడుస్తుంటే, చపాతీలు చేయడం నేర్పి, హిందీ నేర్పి, మనిషిని చేసింది రఘుపతే. తోడబుట్టినవాళ్లు కూడా అంత దగ్గరగా ఉండరు. వాడికి ఈ దేశంలో నలుగురూ చప్పట్లు కొట్టే చోటు ఆ ట్రాకొక్కటే. అది తన చేతుల మీదుగా లాగేస్తే తన ముఖం చూస్తాడా? ఇక ముందు "అన్నా" అని పిలుస్తాడా? ఆ రాత్రి రఘుపతి సలహా అడుగుదామనుకున్నాడు. ఊళ్లో ఉన్న భార్య కవితకు ఫోన్ చేస్తే, "ఉత్త కడుపు మీద మాత్రం చెప్పకుండ్రి" అంది.

అందుకే తెల్లారగానే లేచి చాయ పెట్టి, నర్సింగ్ మంచం దగ్గరికే తెచ్చిచ్చాడు. కంపెనీ గ్రూపులో ఇరమ్ పేరు కనబడకుండా వాడి ఫోన్ తీసి బియ్యం డబ్బాలో దాచాడు. ఫోనేదన్నా అని వాడు అడిగితే, "చార్జింగ్ పెట్టిన, నువ్వు తిను ముందు" అన్నాడు. మటన్ తెచ్చి వండాడు. తన ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకునే మూలుగ బొక్కను తీసి నర్సింగ్ పళ్లెంలో వేశాడు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "అవ్వ ఎట్లున్నదిరా? మాట్లాడినవా?" అని అడిగాడు.

ఇక్కడే కొంప మునిగింది. గల్ఫ్ రూముల్లో ఒక పద్ధతుంది. ఇంటి దగ్గర ఎవరైనా పోతే ఆ కబురు ఆ మనిషికి గబుక్కున చెప్పరు. ముందు ఫోన్ దాస్తారు. తర్వాత దగ్గర కూర్చుని తినిపిస్తారు, విన్నాక ఎలాగూ ముద్ద దిగదు కాబట్టి. ఆ పైన రూములో పెద్దవాడు ఇంటి సంగతులు తీస్తాడు. ఈ వరస అందరికీ తెలుసు, ఏదో ఒకనాడు అందరూ పాటించినవాళ్లే. పాపం రఘుపతి తన బాధలో పడి, తాను ఆ వరసను పొల్లుపోకుండా పాటిస్తున్నానని గమనించుకోలేదు.

గమనించినవాడు స్టోర్ చూసే వజీర్. అదే రూములో మూడో మంచం అతనిది, నిజామాబాద్ మనిషి. రఘుపతిని వంటింట్లోకి లాక్కుపోయాడు.

"క్యా హువా భాయ్? నర్సింగ్‌కు ఏమన్న ఖబర్ ఉన్నదా?"

రఘుపతి గిన్నె మీద మూత పెడుతూ కళ్లు ఒత్తుకున్నాడు. "ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు వజీర్ భాయ్. పోరడు తట్టుకోడు."

"అర్బాబ్‌కు ఎరుకేనా?"

"ఆయనే గదా నాకు చెప్పింది. నువ్వు ఎవ్వలకు చెప్పకు."

వజీర్ చెప్పలేదు, ఎదురు రూములో ఉండే ఇస్తారికి తప్ప. ఇస్తారి కూడా ఎవరికీ చెప్పలేదు, కనబడిన వాళ్లకు తప్ప. అక్కడితో ఆగినా బాగుండేది. వజీర్ మంచితనం ఆగనివ్వలేదు. అర్బాబ్‌కు ఫోన్ చేసి, "నర్సింగ్‌ను ఇయ్యాల్నే పంపాలె సార్. ఆఖరిసారి తల్లి ముఖం చూసుకుంటడు" అన్నాడు. అసలేమీ తెలియని అర్బాబ్ "లా ఇలాహ ఇల్లల్లాహ్" అని కుర్చీలోంచి లేచాడు, గ్రూపులో ఇరమ్ పేరు పెట్టే సంగతే మరిచిపోయాడు.

కాసేపటికి రూము బయట చెప్పులు కుప్పలు పడ్డాయి. ఒక్కొక్కరే వచ్చి, నర్సింగ్ భుజం తట్టి, గోడకు ఆనుకుని కూర్చుంటున్నారు. ఒక్కరూ నోరు మెదపరు. తలుపు దగ్గర నిలబడ్డ రఘుపతి ఆ చెప్పుల జతలు లెక్కపెట్టాడు. ఒక డ్రైవర్‌ను తీసేస్తే క్యాంపు క్యాంపంతా తరలివచ్చిందంటే మాటలా! నర్సింగ్‌కు ఇంతమంది అభిమానులున్నారని మేనేజరై ఉండి తనకే తెలియకపోయెనే అని నొచ్చుకున్నాడు.

నర్సింగ్ బొక్క సగంలో ఆపాడు. గోడ వెంట కూర్చున్న వాళ్లను చూశాడు, ఫోన్ లేని చార్జింగ్ ప్లగ్గును చూశాడు. చెయ్యి కడుక్కుని, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడు ఏమీ అడగలేదు. అడగనంతసేపు అవ్వ బతికే ఉంటుంది కదా అన్నది వాడి ఆశ. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

వాడికి సంగతి తెలిసిపోయిందనుకున్నాడు రఘుపతి. పక్కన కూర్చుని వీపు నిమిరాడు. "నేనున్న గదరా. ఊకో తమ్మీ. ఎప్పటికైనా తప్పేదా ఇది?" అన్నాడు. దాంతో నర్సింగ్ బావురుమన్నాడు. బండి మీద వీడికి ఇంత ప్రాణమా అని రఘుపతి గుండె నీరైపోయింది.

అంతలో ఇస్తారి ఒక పెద్ద దుప్పటి మూట తెచ్చి మంచం కింద పెట్టాడు.

"ఇదేందిరా?" అన్నాడు రఘుపతి.

"బాధల ఉన్నడు, నాకెరుకే కాకా. కాని ఎట్లాగూ పోతనే ఉన్నడు గదా. మా అవ్వ కనకవ్వకు గీ దుప్పటి ఇయ్యమను. చలికి వణుకుతుందట."

"ఏడికి పోతున్నడు?"

"ఇంటికి! అర్బాబ్ టికెట్ తీసిండట, ఇయ్యాల్నే పంపుతడట."

రఘుపతికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మలుపు దగ్గర బ్రేకు తొక్కినందుకు టీమ్‌లోంచి తీసేశారు, సరే. దేశంలోంచే పంపేస్తారా? ఆ వేడి మీద ఉండగానే కాళ్ల దాకా దిగే తెల్లటి దిష్‌డాషాలో అర్బాబ్ లోపలికొచ్చాడు. ఒక చేతిలో నర్సింగ్ పాస్‌పోర్టు, ఇంకో చేతిలో టికెట్టు. జీవితంలో ఎన్నడూ యజమాని ముందు గొంతు పెంచని రఘుపతి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది న్యాయమేనా అర్బాబ్? టైరు అరిగితే మారుస్తామంటివి. సముద్రం అవతల పారేస్తామని అన్నవా? మూడు చలికాలాలు నీ బండి నడిపిండు! కప్పు తెచ్చిండు! వాన్ని పంపితే నన్నూ పంపు. తియ్యి నా పాస్‌పోర్టు కూడా!"

అర్బాబ్ జాలిగా అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీ తల్లి కూడా పోయిందా, రఘూ?"

"నా తల్లెందుకు పోతది?"

"మరి నర్సింగ్ తల్లి పోయింది కదా?"

"ఆఁ! సత్తవ్వ పోయిందా? ఎప్పుడు?"

రూములో ఉన్నవాళ్లందరూ వజీర్ వైపు చూశారు. వజీర్ రఘుపతి వైపు చూశాడు. "నువ్వే గదా భాయ్, ఏడ్చుకుంట చెప్పినవ్!"

"నేను చెప్పింది రేసు సంగతి!"

నర్సింగ్ లేచి కూర్చున్నాడు. కళ్లు వాచిపోయాయి. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. రేసు పాడుగాను. మా అవ్వ ఉన్నదా, లేదా? గదొక్కటి చెప్పు."

రఘుపతి ఒక్క ఉరుకులో వంటింట్లోకి పోయి బియ్యం డబ్బాలోంచి ఫోన్ తీసి, దులపకుండానే వాడి చేతిలో పెట్టాడు. నర్సింగ్ ఇంటికి వీడియో కాల్ చేశాడు. ఆగకుండా మోగుతూనే ఉంది. అర్బాబ్ పెదవులు కదులుతున్నాయి, ఏదో దువా చదువుతున్నట్టున్నాడు. చివరికి తెర మీద ఇంటి దూలం, ఆ తర్వాత సగం నుదురు, పెద్ద బొట్టు కనిపించాయి.

"ఎవలూ? నర్సిగా? ఏందిరా, గొంతు లేస్తలేదు? సర్ది అయ్యిందా?"

"అవ్వా..." అన్నాడు నర్సింగ్. ఫోన్‌ను చెంపకు ఆనించుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గోడ వెంట కూర్చున్న మగాళ్లందరూ తలలు తిప్పుకున్నారు. ప్రతివాడికీ కంట్లో ఏదో పడింది. ఇస్తారి దుప్పటి మూటకే ముఖం తుడుచుకున్నాడు.

చెప్పాల్సిన మాట ఇక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ చెప్పలేననుకున్నాడు రఘుపతి. "తమ్మీ, పొద్దుగాల సంది నేను చెప్దామనుకున్నది గిదిరా. నిన్ను టీమ్‌ల నుంచి తీసేసిన్రు. బండి ఇరమ్‌కు ఇచ్చిన్రు."

"గంతేనా?"

"గంతే."

"థూ! గీ ముచ్చటకేనా నా పానం తీసినవ్ అన్నా!" అని నర్సింగ్ రఘుపతిని గట్టిగా వాటేసుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వాడికే తెలియదు. "దినాం తియ్యుండ్రి! దినాం!" ఆ "అన్నా" అన్న పిలుపు చెవిన పడేసరికి రఘుపతి కూడా నిలువునా కరిగిపోయాడు.

ఫోన్‌లోంచి సత్తవ్వ అరుస్తోంది. "ఏం తీసేసిన్రురా? నౌకరా?"

"నౌకరి కాదే అవ్వా. ఆ రేసు బండి."

"కొండగట్టు అంజన్నా! ఇన్నవయ్యా నా మొర! వీడు ఆ బొమ్మ బండి ఎక్కిన నాటి సంది నాకు కంటి మీద కునుకు లేదు. పానంతోని దిగితే నీ కొండకు తోలుకొచ్చి వాని తలెంటికలు ఇస్తనని మొక్కిన. ఎవలు బిడ్డా తీసేసింది? రఘుపతా? నీ కడుపు సల్లగుండ!"

రఘుపతి అదంతా అర్బాబ్‌కు హిందీలో వివరించాడు. వజీర్ తలవంచుకుని, "తప్పయింది సార్. టికెట్ క్యాన్సిల్ చేయిస్తా" అన్నాడు.

అర్బాబ్ ఆ టికెట్టును నర్సింగ్ చేతిలో పెట్టాడు. "వద్దు. నా కంపెనీలోంచి ఎమర్జెన్సీ లీవ్ మీద పోయినవాళ్లందరూ తల్లి పోయాకే పోయారు. నేనూ అంతే. ఇక్కడ పని ఉంది, పని ఉంది అనుకుంటూ, మా ఊరు సలాలాలో మా అమ్మను మట్టిలో పెట్టాక పోయాను. వీడొక్కడైనా ముందు పోనీ" అన్నాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, "పెళ్లి భోజనం వాసనొస్తోంది, మిగిలిందా ఏమైనా?" అని కింద కూర్చున్నాడు.

సాయంత్రం ఎయిర్‌పోర్టుకు పోతూ నర్సింగ్ ట్రాక్ దగ్గర ఆగి, ఇరమ్‌కు మలుపులన్నీ ఓపికగా చెప్పాడు. బ్రేకు ఎక్కడ తొక్కాలో చెప్పాడు. ఆ పిల్ల ఒక్కచోటా తొక్కలేదు, ఎవరికీ దారి కూడా ఇవ్వలేదు. కప్పు అర్బాబ్‌కే వచ్చింది.

సెలవు ముగించుకుని నర్సింగ్ మొక్కు తీర్చుకున్న నున్నటి గుండుతో తిరిగొచ్చాడు. తెల్లారేసరికి రూము బయట మళ్లీ చెప్పులు కుప్పలు పడ్డాయి. సంగతి తెలియని పక్క క్యాంపు వాళ్లు ఆ గుండును చూసి కళ్లనీళ్లతో పరామర్శకు వచ్చారు. ఈసారి రఘుపతి ఎవరికీ ఏదీ మెల్లగా చెప్పదలుచుకోలేదు. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి కాగితం రాసి తలుపుకు అంటించాడు: "సత్తవ్వ బాగానే ఉన్నది."