శాస్త్రోక్తంగా ఒక ఫిర్యాదు

పత్రికల మీద ఫిర్యాదు చేయదలచిన సజ్జనులకు ఉపకరించునను సదుద్దేశంతో, నా అనుభవాన్ని ఇందుమూలంగా నివేదిస్తున్నాను. చదివినవారు తరింతురు గాక.

మా మేనకోడలు పసిపిల్లల సంరక్షణాలయం నడుపుతుంది. రెండు గదులు, నేలమీద చాపలు, మూలన ఒక చెక్కగుర్రం. ఒకనాటి ఉదయం పత్రిక "పసివాడి చేయి విరిచిన ఆయా" అని వార్త వేసి, మరో పేటలో జరిగినదానికి మా మేనకోడలి గుమ్మం ఫోటో జతచేసింది. ఆ గుమ్మం విలేఖరి ఇంటిదారిలో ఉందట. కాళ్ళు అరగకుండా సత్యాన్వేషణ చేయడం కూడా ఒక విద్యే. సాయంత్రానికి సగంమంది తల్లులు పిల్లలను మాన్పించేశారు.

"మామయ్యా, ముందు సంపాదకుడికి రాయాలట. తేదీ, పేజీ, తప్పేమిటి, రుజువేమిటి. వాళ్ళు పలక్కపోతే ఫిర్యాదుల మండలికి. నేను రాస్తాను, ఒక్కసారి చూసిపెట్టు" అంది.

"అది ఫిర్యాదా, కిరాణా చీటీయా? శాస్త్రాలు చదివిన మేనమామ బతికుండగా నీకా ఖర్మేమిటే?"

"నాలుగు ముక్కలు చాలు మామయ్యా. పిల్లలు వెళ్ళిపోతున్నారు."

"తొందరపడితే వాదం నిలవదమ్మా."

ఇష్టదైవాన్ని ప్రార్థించి కలం పట్టాను. పెద్దల వాదపద్ధతి తమకు విదితమే. ఎదుటివాడి పక్షాన్ని వాడికంటే గట్టిగా ముందు మనమే ప్రతిపాదించాలి, అది పూర్వపక్షం. పిమ్మట దానిని తునాతునకలు చేయాలి, అది సిద్ధాంతం. బలహీనమైన వాదాన్ని ఖండించడం పండితుడికి పరువు తక్కువ. పత్రిక వార్త చూడబోతే మరీ బక్కచిక్కి ఉంది. దానికి నేనే కండ పట్టించాను. ఆమె కళ్ళలోని క్రౌర్యం, పసివాడి ఆక్రందన, గోడల మౌనసాక్ష్యం! రాస్తూ రాస్తూ నాకే కన్నీరు ఆగలేదు. ఒక దశలో మా మేనకోడలి మీద పట్టరాని కోపం వచ్చింది. తర్వాత అంతటినీ ఖండించాను, అదీ దివ్యంగానే.

సంపాదకవర్యులు నా లేఖను సగౌరవంగా ప్రచురించారు. స్థలాభావం వల్ల పూర్వపక్షం మటుకే వేశారు. శీర్షిక: "ఆమె మేనమామే చెబుతున్న నిజాలు". నా ఛాయాచిత్రం చక్కగా వచ్చింది.

"ఇక నువ్వు జపం చేసుకో మామయ్యా" అని, మేనకోడలు తన నాలుగు ముక్కలూ తానే రాసుకుంది. చేయి విరిగిన బిడ్డ తండ్రిచేత, ఇది ఇక్కడ జరగలేదని సంతకం పెట్టించి జతచేసింది. సంపాదకుడు పలకలేదు. మండలికి పంపింది. మండలి మందలించగా, పత్రిక లోపలి పేజీలో, చెప్పుల దుకాణం ప్రకటన కింద, సవరణ వేసింది.

మిగిలిన ఒక్క బిడ్డనూ మాన్పించడానికి వచ్చిన తల్లికి దాన్ని చూపించింది. నేనూ పక్కనే ఉన్నాను.

"చదివానమ్మా" అందావిడ, బిడ్డను చంకనెత్తుకుంటూ. "మీ తప్పు లేదనే రాశారు. కాని మీ మామయ్యగారు రాసింది చదివాక, ఇది మనసుకు పట్టడం లేదు. అబ్బ, ఏం రాశారండీ!"

మేనకోడలు చాపలు చుట్టసాగింది. నేనూ మిక్కిలి చింతించాను. అయినా ఉండబట్టలేక, ఏ వాక్యం నచ్చిందమ్మా అని అడిగాను.

ఆవిడ తడుముకోకుండా మొత్తం అప్పజెప్పింది.