కళ్ళు మూసుకునే శాఖ

మనిషి మనిషిని కౌగిలించుకోవడానికి తగిన కారణం చూపించాల్సిన రోజు ఎట్టకేలకు వచ్చింది. సినిమాల్లో, సీరియళ్ళలో పాత్రలకు అభిమానులే కొత్త కథలు రాసుకునే ఫ్యాన్ ఫిక్షన్ యాప్ వాళ్ళు కథా సమర్థన శాఖను నెలకొల్పారు. ఇకమీదట శృంగార ఘట్టం ఏదైనా సరే, కథకు అవసరమని ఆ శాఖ తేల్చాకే వెలుగు చూడాలి.

పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టుగా చేసే ఒకావిడ, ఆగిపోయిన టీవీ సీరియల్‌లోని ఇన్‌స్పెక్టరుకూ లేడీ డాక్టరుకూ మిగిలిన జీవితం రాసిపెడుతోంది. సీరియల్ వాళ్ళు ఆ ఇద్దరినీ ఏళ్ళ తరబడి గుమ్మంలోనే నిలబెట్టి వదిలేశారు. ఈవిడ తలుపు తీసింది. పడకగదిలో, లేడీ డాక్టరు చేతుల్లో ఉండగా, ఇన్‌స్పెక్టరు మొదటిసారి నోరు విప్పి తన తుపాకీ అంటే తనకే భయమని చెబుతాడు. అది రాస్తుంటే ఆవిడకు కళ్ళు చెమర్చాయి. (ఎదురుగా కూర్చున్న పేషెంట్లు ఈవిడకీ పన్ను నొప్పేమో అనుకున్నారు.)

సమీక్షాధికారి ఫోన్ చేశాడు.

“ఈ ఘట్టం ఎందుకమ్మా? కథ కదలడం లేదు.”

“కదిలేదే అక్కడ సార్. చదివారా?”

“చదవకూడదమ్మా. శృంగారం మొదలవగానే మేం కళ్ళు మూసుకోవాలి, అయ్యాక తెరవాలి. అది రూలు.”

“మరి కదల్లేదని ఎలా తెలిసింది?”

“తెరిచి చూస్తే ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు కదమ్మా.”

ఆవిడ ఆ తుపాకీ మాటను బస్టాపుకు మార్చింది.

“మాట అయిపోయాక ఇంక గదెందుకమ్మా?” అన్నాడు అధికారి, మర్యాదగానే.

గది పోయింది. అనుమతి వచ్చింది. అందరికంటే ముందు చదివే అక్క ఫోన్ చేసింది.

“ఏమే, కండక్టర్ని చిల్లర అడగడానికే నోరు రాని మనిషి, బస్టాపులో అందరి ముందూ ఆ మాట అంటాడా? ఇది నువ్వు రాసింది కాదులే.”

ఆ పూటే ఆవిడ రూల్సన్నీ తిరగేసింది. కేవల శృంగార విభాగం అని ఒకటుంది. దానికి సమీక్ష లేదు, ఇందులో కథ లేదని రాసినవాళ్ళు హామీ ఇస్తే చాలు. హామీ ఇచ్చి, పాత ఘట్టాన్ని అక్షరం మార్చకుండా అక్కడ పెట్టింది.

అక్క మళ్ళీ చేసింది.

“పాపమే ఆ పిల్లాడు,” అంది.

జనం విరగబడి చదివారు. అభిప్రాయాల్లో కౌగిలి ఊసే లేదు, అందరూ తుపాకీ గురించే రాశారు. అవన్నీ జాగ్రత్తగా చదివిన శాఖ, శృంగారం ముసుగులో కథ నడిపినందుకు ఆవిడ ఖాతా మూసేసింది.