జెల్లీ చేప ఏం తింటుంది?

వెంకటకృష్ణారావు వేసుకున్న లెక్క ప్రకారం ఒంటిగంటకల్లా అంతా ముగియాలి. తెల్లవారుతూనే భవానీపురంలో టాక్సీ ఎక్కడం, కంకిపాడులో భార్య అన్న బసవపున్నయ్యను ఎక్కించుకోవడం, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట అస్థికలు కలపడం, కాకికి పిండం పెట్టడం, భోజనాలవేళకు ఇల్లు చేరడం. కాలేజీలో జువాలజీ చెప్పే మనిషి గనుక దుఃఖానికి కూడా టైమ్‌టేబుల్ వేశాడు. పిల్లలు లేరు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన రాజ్యలక్ష్మి మూడు రోజుల జ్వరంతో పోయి ఆవేళకు పది రోజులు. ఆయన కంట ఇంతవరకు చుక్క నీరు రాలేదు. ఆ సంగతి ఆయన అక్క మాణిక్యం పేటంతా చెప్పుకుని వచ్చింది.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి కుండ వంచాడో లేదో, కుడి పిక్క మీద ఎవరో వాత పెట్టినట్టు చురుక్కుమంది. కుండ జారిపోయింది. ఆయన కుంటుకుంటూ ఒడ్డుకొచ్చి కూలబడ్డాడు. పిక్క మీద ఎర్రటి చారలు తేలాయి. వెనక నీళ్లలో పళ్లెమంత జెల్లీ చేప ఒకటి తెల్లగా తేలుతోంది.

“ఇంకెవరు, మా మరదలే. కాలు పట్టుకుంది. బతికుండగా నోరెత్తి ఏదీ అడగలేదు, ఇప్పుడడుగుతోంది” అంది మాణిక్యం.

అది జెల్లీ చేప అనీ, దానికి మెదడే లేదనీ, ఎవరి కాలు ఎవరిదో దానికి తెలియదనీ ఆయన చెప్పి చూశాడు. ఎవరూ వినిపించుకోలేదు. పురోహితుడు శాస్త్రిగారు మాత్రం ఎవరినీ నొప్పించకుండా, కాకి వచ్చి పిండం ముడితే ఆత్మ తృప్తి పడ్డట్టే, చూద్దామన్నారు.

అరిటాకులో మూడు పిండాలు పెట్టారు. కాకులకేం కొదవ లేదు, ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ వలలు దులుపుతున్న పడవల దగ్గరే ఉన్నాయి. ఒకటి మాత్రం ఇటు చూసి, తల తిప్పుకుంది. అరగంట గడిచింది. పోయినవాళ్లకు తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు. అదేదో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెప్పాలి.

ముందు బసవపున్నయ్య చేతులు జోడించాడు. ఎనిమిదో తరగతిలో చెల్లెల్ని బడి మాన్పించింది తనేనని ఒప్పుకుని, తన మనవరాల్ని కాలేజీలో చదివిస్తానని మాటిచ్చాడు. కాకి రాలేదు. మాణిక్యం గొంతు సవరించుకుని, చూసిస్తానని పట్టుకెళ్లిన వెండి కుంకుమ భరిణ తిరిగిచ్చేస్తానంది. ఇంకెవరికిస్తావని బసవపున్నయ్య అడిగాడు. దానితో రాజ్యలక్ష్మిని ఎవరు ఎక్కువ కష్టపెట్టారన్న తగవు మొదలై, పెళ్లినాటి తాంబూలాల దాకా వెళ్లింది. ఎండ నడినెత్తికి వస్తోంది. ఆకలికి ఆగలేని శాస్త్రిగారు, ఆవిడ నీళ్లలో ఉందంటున్నారు గనుక ఒక పిండం అక్కడ సమర్పించినా తప్పులేదన్నారు. మాణిక్యం పరుగున వెళ్లి జెల్లీ చేప మీదికి ఒకటి విసిరింది. అది ఒకసారి ఊగి పక్కకు జరిగింది. అన్నం నీళ్లలో విడిపోయింది.

“అదీ ముట్టుకోలేదు. ఇంత కోపమా తల్లీ” అని మాణిక్యం నిజంగానే ఏడ్చింది.

“అది అన్నం తినదక్కయ్యా.”

“మరేం తింటుంది?”

వెంకటకృష్ణారావు జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. ఆదివారాలు ఇంట్లో కూర్చుని క్లాసు కోసం జెల్లీ చేపల్లాంటి వాటి చార్టులు గీస్తుంటే, రాజ్యలక్ష్మి పక్కన రంగుసీసాలు పట్టుకుని కూర్చునేది. పాపం, ఇదేం తింటుందండీ అని అడిగేది. నీకెందుకు, వెళ్లి కాఫీ పట్రా అనేవాడు. ఎన్నేళ్లు అడిగిందో, ఎప్పుడు అడగడం మానేసిందో కూడా ఆయనకు గుర్తులేదు. ఆ మాట తలుచుకుంటే సిగ్గేసింది, తరవాత భరించలేనంత బాధేసింది. వెళ్లి ఆకు ముందు ఇసుకలో చతికిలబడ్డాడు.

“చెప్తా విను రాజ్యం. దీనికి తీగల్లాంటి చేతులుంటాయి. వాటినిండా కంటికి కనపడని విషపు ముళ్లు. రొయ్యపిల్లలో, చిన్నచిన్న చేపపిల్లలో వచ్చి తగిలితే ముల్లు దిగి స్పృహ తప్పుతాయి. వాటిని మెల్లగా గొడుగు కిందున్న నోట్లోకి చేరేసుకుంటుంది. తినేదీ ఆ నోటితోనే, మిగిలింది వదిలేదీ ఆ నోటితోనే. తిండి కోసం తరుముకుంటూ పోదు. నీళ్లెటు తోస్తే అటు పోతుంది, ఏది తగిలితే అది తింటుంది. నువ్వూ అంతేగా. నేను తినగా గిన్నెలో ఏది మిగిలితే అదే తినేదానివి. నువ్వు తిన్నావా అని నేనొక్కనాడూ అడగలేదు.”

అంతే, పది రోజుల ఏడుపూ ఒక్కసారి వచ్చేసింది. భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఎప్పుడు వచ్చిందో, కాకి ఒకటి ఆకు పక్కన వాలి పిండం పొడుచుకు తింటోంది. మాణిక్యం కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది. శాస్త్రిగారు సంచీ సర్దుకున్నారు. బసవపున్నయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఇక లేవమన్నాడు.

“ఉండండి బావా. దీనికి గుండె లేకుండా ఎలా గడుస్తుందో చెప్పాలి. ఆ తరవాత పిల్లలెలా పుడతాయో ఉంది” అని వెంకటకృష్ణారావు పైకండువాతో ముఖం తుడుచుకుని, ఆకు వైపు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

కాకి కడుపునిండా తిని వెళ్లిపోయింది. మిగతావాళ్లు పస్తుండి జెల్లీ చేప సంతానోత్పత్తి ఆసాంతం విన్నారు.